నరసమ్మ లేహ్యం

కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "అమ్మగారూ, మీ సర్వీసులో ఏం నేర్చుకున్నారో చెప్పండి" అంటారు. వాళ్ళకి కావలసింది ధైర్యం. నా దగ్గర అది పెద్దగా మిగల్లేదు. డెబ్భైల్లోనూ ఎనభైల్లోనూ అమలాపురం చుట్టుపక్కల సర్కారు ఆసుపత్రుల్లో పనిచేశాను. ఎప్పుడు ఎక్కడికి బదిలీ అయ్యానో, హెడ్ నర్సుని ఎలా అయ్యానో రాస్తే చదివేవాళ్ళకి నిద్రొస్తుంది. అవి వదిలేస్తున్నాను.

ఈమధ్య టీవీలో గంజాయి మీద వాదించుకుంటున్నారు. అది వ్యసనమా కాదా, మందుగా పనికొస్తుందా రాదా, చట్టం ఒప్పుకోవాలా వద్దా అని. ఒకాయన దేవతల మొక్క అంటాడు, ఇంకొకాయన పిశాచం అంటాడు. ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని కూర్చుంటారు. ఇద్దరిలో ఒక్కరైనా నొప్పితో ఉన్న మనిషి పక్కన ఒక పూట కూర్చున్నట్టు కనపడరు. నాకు ఒళ్ళు మండి కట్టేస్తాను. కట్టేసినా నరసమ్మ గుర్తొస్తుంది. అందుకే ఆవిడ సంగతే రాస్తున్నాను.

పర్లేదండి

ముందు ఒక మాట. మన కోనసీమలో మర్యాద కూడా ఒక జబ్బే. దీనికి ఏ పుస్తకంలోనూ మందు రాయలేదు.

డాక్టరు గారు రౌండ్సుకి వస్తారు. "ఎలా ఉందయ్యా?" అంటారు. తొడ ఎముక విరిగి, పళ్ళు బిగబట్టి పడుకున్న అల్లవరం రైతు లేవబోయి, "పర్లేదండి బాబూ, ఆయ్! తమరు కాఫీ తాగేరాండీ?" అంటాడు. డాక్టరు నవ్వి, కేసుషీటు మీద నయంగా ఉందని రాసి, సాయంత్రం ఇంజక్షను అక్కర్లేదని కొట్టేసి వెళ్ళిపోతారు. ఆయన గుమ్మం దాటగానే ఆ రైతు నా కొంగు పట్టుకుని ఏడుస్తాడు. "మరి ఇందాక చెప్పలేదేం?" అంటే, "అంత పెద్దాయన వచ్చి అడిగితే బాగోలేదని ఎలా అంటానండీ?" అంటాడు.

నా మొదటి సూపరింటెండెంటు ఈ సంగతి రిటైరయ్యేదాకా తెలుసుకోలేదు. తన చేతిలో జనం బాగుపడిపోతున్నారనే నమ్మకంతో సుఖంగా వెళ్ళిపోయారు. అందుకని పిల్లలకి చెబుతాను: రోగి నోటిని నమ్మకండి. కాలివేళ్ళు చూడండి, దుప్పటిని ఎలా పట్టుకున్నాడో చూడండి, తెచ్చిన ఇడ్డెన్లలో ఎన్ని మిగిలాయో చూడండి. నొప్పి అక్కడ ఉంటుంది. ఇది తెలిసి కూడా నేను పెద్దగా ఏమీ చెయ్యలేకపోయాను, అది వేరే సంగతి.

నిప్పు లోపలికి

నరసమ్మది ఐ.పోలవరం అవతల, ఏటి మొగ దగ్గర ఒక పల్లెపాలెం. మొగుడు ధర్మయ్య వలకి వెళ్ళేవాడు. ఈవిడ చేపలు ఎండబెట్టి, గంపకెత్తుకుని ఊళ్ళ మీద అమ్మేది. ఆ పాలెంలో ఆడవాళ్ళు చుట్టని తిరగేసి తాగుతారు. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తారు. అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి ఆరదు, తడి చేతులతో పట్టుకోనక్కర్లేదు, నెత్తిన గంపతో నడుస్తూ కూడా తాగొచ్చు, ఎదురొచ్చిన పెద్దవాళ్ళకి కనపడదు. ఇంత సదుపాయం చూసి చిన్నతనంలోనే మొదలుపెడతారు. ఆ నిప్పు నోటి పైకప్పుని రోజూ కాలుస్తుంది.

ఆవిడ మా దగ్గరికి వచ్చేసరికి అంగిట్లో రూపాయి బిళ్ళంత పుండు. అప్పటి మా సూపరింటెండెంటు మంచి డాక్టరు. లైటు వేసి చూసి లైటు ఆర్పేశారు. కాకినాడ పంపించాం, అక్కణ్ణుంచి విశాఖపట్నం వెళ్ళారు. ఆలస్యమైపోయిందని చెప్పి, ఇంటికి దగ్గర ఆసుపత్రిలో చూపించుకోమని వెనక్కి పంపేశారు. ఆ దగ్గర ఆసుపత్రి మాదే.

మా దగ్గర ఏముంది? తెల్ల మాత్రలు ఉన్నాయి. ఆపరేషన్ల కోసం తాళం వేసిన బీరువాలో కాస్త మార్ఫియా ఉండేది. దాన్ని వార్డులో వాడాలంటే సవాలక్ష సంజాయిషీలు. కొద్ది నెలలకే పుండు చిల్లు పడి, తాగిన గంజి ముక్కులోంచి వచ్చేది. మాట ముక్కుతో పలికేది. ముద్ద మింగాలంటే భయం. మనిషి ఎండుచేపలా అయిపోయింది. డాక్టరు గారు అడిగినప్పుడల్లా మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అదే మాట: "పర్లేదండి బాబూ, ఆయ్."

ముక్తేశ్వరం డబ్బా

ముక్తేశ్వరంలో సోమయాజులు గారని ఒక వైద్యులు ఉండేవారు. వేదం చదువుకున్న కుటుంబం, తాతల నాటి ఆయుర్వేదం. ధర్మయ్య ఎవరో చెబితే ఆయన దగ్గరికి వెళ్ళి ఒక చిన్న డబ్బాతో లేహ్యం తెచ్చాడు. మూత తీయగానే జాజికాయ, ఏలకుల వాసన వచ్చింది. వాటి అడుగున ఇంకో పచ్చి వాసన. ఆ రోజుల్లో వైద్యులకి ఎక్సైజు వాళ్ళ పర్మిట్టు మీద గంజాయి ఆకు దొరికేది. దాన్ని నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, ఎండబెట్టి, ఆవునేతిలో వేయించి లేహ్యంలో వేసేవారు.

నేను డబ్బా పట్టుకెళ్ళి సూపరింటెండెంటు గారికి చూపించాను. వాసన చూశారు. "నాకు తెలియని మందు నేను రాయను సిస్టర్. ఆవిడ ఇంటి నుంచి తెచ్చుకున్నది తింటే, నేను అటువైపు చూడను" అన్నారు. నా సర్వీసులో ఒక డాక్టరు నోటి నుంచి విన్న తెలివైన మాట అదొక్కటే.

రేగుపండంత ఉండ వేడిపాలల్లో కలిపి ఇచ్చాను. మొదట్లో ఏమీ తెలియలేదు. తరవాత ఆవిడ దుప్పటి వదిలేసింది. పిడికిలి దానంతటదే విడిపోయింది. ఆ పూట గంజి అంతా తాగింది. నాలుగు రోజులు పోయాక "చేపల పులుసు తినాలనుందండి, సిస్టరమ్మ గారూ" అంది. పుండు తగ్గలేదు, తగ్గుతుందని ఎవరూ అనలేదు. నొప్పి కూడా పూర్తిగా పోలేదు. "నొప్పి ఉందండి. కానీ అది పక్కింట్లో ఉన్నట్టుందండి" అంది ఒకసారి. ఇంతకన్నా బాగా ఏ డాక్టరూ చెప్పలేదు నాకు.

అంతా మంచేనని రాయను. ఒకరోజు ధర్మయ్య ప్రేమకొద్దీ రెండు ఉండలు పెట్టేశాడు. గుండె దడదడలాడి, తను చచ్చిపోయాననుకుని, "నన్ను ఎత్తేశారాండీ?" అని అరిచింది. ఆ మధ్యాహ్నమంతా చెయ్యి పట్టుకు కూర్చున్నాను. మరి అలవాటు పడిందా? పడింది. వేళ దాటితే గుమ్మం వైపు చూసేది. అన్నం వేళ దాటితే నేనూ వంటింటి వైపు చూస్తాను.

ముగ్గురు పెద్దమనుషులు

ఎనభైల మధ్యలో కొత్త చట్టం వచ్చింది. పర్మిట్లు ఆగిపోయాయి. ఆ చట్టంలో ఒట్టి ఆకుని గంజాయి కింద లెక్కకట్టలేదని చాలాకాలం తరవాత ఎవరో చెప్పారు. అప్పుడు మాత్రం ఎక్సైజు వాళ్ళకే సరిగా తెలియదు. శిక్ష ఎన్నేళ్ళో ఒక్కటే అందరికీ తెలుసు. మార్ఫియాకీ అదే గతి. స్టోర్సు గుమస్తా మందుల కోసం పంపే ఇండెంటులో దాన్ని రాయడమే మానేశాడు. "నాకు పిల్లలున్నారండీ" అన్నాడు.

సూపరింటెండెంటు గారు నరసమ్మ కోసం ప్రత్యేకంగా అనుమతి అడిగారు. ఎక్సైజు ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చాడు. సోమయాజులు గారిని కూడా పిలిపించారు. ముగ్గురూ సూపరింటెండెంటు గదిలో కూర్చుంటే, టీ ఇప్పించే మిషతో నేను గుమ్మంలో నిలబడ్డాను.

ఇన్‌స్పెక్టరు చెడ్డవాడని రాస్తే నాకు హాయిగా ఉండేది. చెడ్డవాడు కాదు. ఎండలో జీపు లేక బస్సులో వచ్చాడు. తాగిన గ్లాసు తనే కడిగిపెట్టాడు.

"మీరు వేలంపాట పెట్టి అమ్మిస్తున్న సారా తాగేకదండీ, నా మగవార్డు నిండిపోయింది? ఈ ఆకు తిని పోయినవాణ్ణి ఒక్కణ్ణి నాకు చూపించండి" అన్నారు మా డాక్టరు.

"నిజమేనండి. సారా ఇచ్చి చూసేం, ఇళ్ళు కూలిపోయేయి. అందుకని రెండోది కూడా ఇచ్చెయ్యమంటారేంటండీ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

డాక్టరు గారు సోమయాజులు గారి వైపు తిరిగి, "మీరు చెప్పండి. ఇది వ్యసనమవుతుందా, కాదా?" అని అడిగారు. ఆయన వచ్చినప్పటి నుంచీ పొడుం కాయ చేతిలో తిప్పుతూ కూర్చున్నారు. "మోతాదు తెలిసినవాడికి మందండి" అన్నారు. పొడుం కాయ మూత బిగించి, "మా ఇంట్లో రెండూ చూసేనండి" అన్నారు. ఆ రెండూ ఏమిటో ఎవరూ అడగలేదు.

"ఇంతకీ రోగినే అడుగుదాం" అని ఇన్‌స్పెక్టరు లేచాడు. అందరూ వార్డులోకి వచ్చారు. అప్పటికి లేహ్యం అయిపోయి చాలా రోజులైంది. కాగితాలు కదిలేదాకా ఓర్చుకోవాలి కదా అని డాక్టరు గారు బీరువాలో మిగిలిన ఆఖరి మార్ఫియా ఆ పొద్దుటే ఇప్పించారు. అదే మా కొంప ముంచింది, ఆ పూట ఆవిడకి నొప్పి అణిగి ఉంది. నరసమ్మ తల మీద కొంగు సర్దుకుని లేచి కూర్చుంది.

"అమ్మా, ఆ లేహ్యం లేకపోతే ఉండలేరా మీరు?" అని మెల్లిగా అడిగాడు ఇన్‌స్పెక్టరు.

ఆ ప్రశ్న చూడండి. ఉండలేనంటే దానికి బానిసైపోయిందని రాసుకుంటాడు. ఉండగలనంటే అవసరం లేదని రాసుకుంటాడు. టీవీలో అరుచుకునేవాళ్ళందరూ ఇప్పటికీ ఈ ప్రశ్న దగ్గరే ఉన్నారు. నేను వెనకాల నుంచి కళ్ళతో సైగ చేశాను, తల ఊపాను, చెప్పవే అని లోపల్లోపల వేడుకున్నాను.

"ఉండగల్నండి బాబూ, ఆయ్! ఇప్పుడు పర్లేదండి" అంది నరసమ్మ.

వాళ్ళు వెళ్ళిపోయాక నేను ఆవిడ మీద విరుచుకుపడ్డాను. "నోరు పడిపోయిందా నీకు? ఎందుకలా చెప్పేవు?" ఆవిడ నా వైపు ఆశ్చర్యంగా చూసింది.

"ఎండలో అంత దూరం వచ్చేరండి ఆయన. మొహాన్నే నొప్పని చెప్పి ఎలా ఇబ్బంది పెడతానండీ? ఆ సోమయాజులు గారు కూడా అక్కడే ఉన్నారాయె. నా మూలంగా ఆ మారాజుకి మాట రాకూడదు కదండీ."

ఇన్‌స్పెక్టరు ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాడు. అనుమతి రాలేదు.

మన్నులో కలిపేసేను

వారం తిరక్కుండా నరసమ్మ మళ్ళీ దుప్పటి పట్టుకుంది. నాకు ఉండబట్టలేదు. సెలవు పెట్టి ముక్తేశ్వరం బస్సెక్కాను. సోమయాజులు గారి దగ్గర ఇంకా కొంచెమైనా ఆకు మిగిలి ఉంటుందని నా ఆశ. దొంగతనంగానైనా సరే తెచ్చేద్దామనే వెళ్ళాను.

వీధరుగు మీద కూర్చోబెట్టి, ఆయన భార్య చేత మజ్జిగ ఇప్పించారు. నేను విషయం చెప్పాను. ఆయన లోపలికి చూపించారు. చావిట్లో మంచం మీద పాతికేళ్ళ కుర్రాడు గోడ వైపు తిరిగి పడుకుని, తనలో తనే ఏదో గొణుక్కుంటున్నాడు.

"మావాడు ప్రసాదండి. పదహారో ఏటికే వేదం కంఠస్థం. సభల్లో పెద్దలు లేచి శాలువా కప్పేరండి. ఇప్పుడు నన్ను కూడా ఒక్కోరోజు పోల్చుకోడు."

ఆ కుర్రాడు తండ్రికి మందులు నూరి పెట్టేవాడట. నూరుతూ నూరుతూ ఆకు అలవాటు చేసుకుని, తరవాత పొగలోకి దిగాడు. ఊళ్ళో ఇంకా కొందరు కుర్రాళ్ళు తాగేవారు, వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని ఉద్యోగాల్లో కుదురుకున్నారు. ఇతనికి మాత్రం మతి చలించింది. తరవాత మా డాక్టరు గారిని అడిగితే, "చాలామందికి ఏమీ కాదు సిస్టర్. ఎవడో ఒకడికి అవుతుంది. ఆ ఒకడు ఎవడో ముందుగా చెప్పే పరీక్ష నా దగ్గర లేదు" అన్నారు.

"నరసమ్మకి నేను లేహ్యం కట్టినన్నాళ్ళూ మావాడు ఆ సరుకులోంచే తీసుకున్నాడండి. నా చేత్తో కడిగి, నేతిలో వేయించి, నా కొడుక్కి పెట్టినట్టయింది. చట్టం రాకపోయినా మానేద్దును. మిగిలిందంతా గొయ్యి తీసి మన్నులో కలిపేసేనండి."

"ఆవిడ నొప్పితో చచ్చిపోతోందండి, బాబుగారూ."

"చచ్చిపోయే మనిషి ఆవిడ. బతకాల్సినవాడు వీడు. అలా అనుకున్నానండి. తప్పయితే మీరు చెప్పండి, సరిదిద్దుకుంటాను."

మజ్జిగ తాగి, దణ్ణం పెట్టి వచ్చేశాను. బస్సులో అంతసేపూ ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు.

నన్నడిగితే

చట్టం తలుపులు తెరవాలా మూయాలా అని పిల్లలు నన్ను అడుగుతారు. నాకు తెలియదు. తెరిస్తే ప్రసాదు లాంటివాళ్ళు ఇంకొందరు పాడైపోతారు, అలాంటి తల్లుల్ని నేను చూశాను. మూస్తే ఏమైందో కూడా చూశాను. నరసమ్మకి గడ్డిపోచంత ఆకు దొరకలేదు. ప్రసాదుకి దొరకని రోజు లేదు. మన్యం నుంచి బియ్యం లారీల్లో, కొబ్బరి లారీల్లో వస్తూనే ఉండేది. తండ్రి ఆకుని గొయ్యి తీసి పాతిపెట్టిన వారానికే అతను బస్టాండు వెనక కొనుక్కోవడం మొదలుపెట్టాడు. నోట్లో నిప్పు పెట్టుకునే చుట్ట మాత్రం ప్రతి బడ్డీలోనూ ఉండేది. దాన్ని గురించి ఏ పెద్దమనిషీ మా గదిలో టీ తాగుతూ వాదించలేదు.

నర్సు చేతిలో ఏముంటుంది? తడిగుడ్డ ఉంటుంది, మంచి మాట ఉంటుంది. మంచి మాటతో నొప్పి తగ్గుతుందని ట్రైనింగులో చెబుతారు. అది అబద్ధం.

డ్రెస్సింగు గది

ఆఖరి రోజుల్లో నరసమ్మని రోజూ పుండు కడగడానికి డ్రెస్సింగు గదిలోకి తీసుకొచ్చేదాన్ని. ఒకనాటి పొద్దున్న ఆవిణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి దూది తడుపుతుంటే సోమయాజులు గారు కొడుకుని పట్టుకుని వచ్చారు. కాలవ గట్టు మీద పడి అతని తల పగిలింది. ముసలాయన ఉత్తరీయం అంతా రక్తం. నేను నరసమ్మని ఆగమని చెప్పి, అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి జుట్టు కత్తిరించడం మొదలుపెట్టాను. అతని బట్టలు ఆ పొగ వాసన కొడుతున్నాయి.

నరసమ్మ తలెత్తింది. పాలెంలో మగవాళ్ళు వేటకి వెళ్ళేముందు తాగేది అదే, ఆ వాసన ఆవిడకి తెలుసు. బల్ల మీద నుంచి దిగి, గోడ పట్టుకుని అతని దగ్గరికి వచ్చింది.

"బాబుగారండీ, తమరి దగ్గర ఇంకేమైనా ఉందాండీ? కొంచెం చాలండి. నేనింక ఓర్చుకోలేనండి."

నేను విన్న అన్నాళ్ళలో ఆవిడ ఆ మాట అనడం అదే మొదటిసారి.

ప్రసాదు ఎవరు, ఎందుకు అని అడగలేదు. నడుం దగ్గర పంచె ముడిలోంచి కాగితం పొట్లం తీసి ఆవిడ ముందు చెయ్యి చాపాడు. ఆవిడ అందుకునేలోపలే సోమయాజులు గారు లాగేసుకున్నారు.

"ఇచ్చెయ్యండి బాబుగారూ. నేను చూళ్ళేదనుకోండి" అన్నాను.

ఆయన పొట్లం వైపు చూశారు, ఆవిడ వైపు చూశారు, కొడుకు తల మీంచి కారుతున్న రక్తం వైపు చూశారు. "నా చేత్తో ఇవ్వలేనమ్మా" అన్నారు. బయటికి నడిచి, ఆసుపత్రి వెనక కాలవలో పారేసి వచ్చారు. వచ్చి మళ్ళీ లోపల అడుగు పెట్టలేక గుమ్మం బయటే నిలబడి ఏడ్చారు.

నేను కుట్లు వేయిస్తున్నప్పుడు ప్రసాదు నరసమ్మ వైపు వంగి, చిన్నపిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా అన్నాడు: "రేపు తెచ్చిస్తానమ్మా. నాన్నగారికి చెప్పకు." ఆ కళ్ళల్లో ఎంత దయ ఉందో నేను చూశాను. అతని మాట నేను విననట్టు కట్టు కట్టాను. విననట్టు ఉండటమే కాదు, రేపు ఆవిడకి కలిపి ఇవ్వడానికి పాలు కూడా తెప్పించి ఉంచాను.

మర్నాడు నరసమ్మ మంచం తలుపు ఎదురుగా తిప్పించుకుంది. ఎవరి చెప్పుల చప్పుడైనా తల తిప్పేది. ఆ సాయంత్రం "పనేదో పడి ఉంటుందండి" అంది. ఆ మర్నాడు కూడా తలుపు వైపే చూసింది. తరవాత రెండు రోజులు ఆవిడ అరుపులు మగవార్డు దాకా వినపడ్డాయి. ఆ మర్నాడు తెల్లవారుజామున పోయింది. ధర్మయ్య పడవ తెచ్చి తీసుకెళ్ళాడు.

కుట్లు విప్పించుకోవడానికి ప్రసాదు వచ్చాడు. ఆ రోజు మనిషి శుభ్రంగా, మామూలుగా ఉన్నాడు. ఎందుకు రాలేదని అడిగాను. ఆవిడ రోజూ నీ కోసం తలుపు వైపు చూసిందని చెప్పాను. అతను కావాలని బుకాయించలేదు. నుదురు చిట్లించుకుని, నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని చాలాసేపు చూశాడు.

"ఎవరండీ?" అన్నాడు.